బేరం కుదిరే ఇంగ్లీష్

“సార్, ఇంగ్లీష్ చదివితే సమజైతది. ఎదుటోళ్లు మాట్లాడితే కూడా తెలుస్తది. కానీ కంపెనీకి ఒక మెయిల్ రాయమంటే మాత్రం చెయ్యి ఆడది.”

జగిత్యాల నుంచి వచ్చినా, మంచిర్యాల నుంచి వచ్చినా, నిర్మల్ నుంచి వచ్చినా, కరీంనగర్‌లో నా ఎదురుగా కూర్చున్నవాళ్లు మొదట చెప్పేది ఇదే. ఈ అధ్యాయం తెరిచారంటే మీ సంగతీ దాదాపు ఇంతే అయి ఉంటుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీలో ఇంగ్లీష్ ఒక సబ్జెక్టు, గైడు చదివి గట్టెక్కారు. తర్వాత ఎంకామో ఎంబీఏనో చేశారు. ఇప్పుడు రైస్ మిల్లు లెక్కలు చూస్తున్నారు, లేదా గ్రానైట్ ఎగుమతి చేసేవాళ్ల ఆఫీసులో ఉన్నారు, లేదా ఐటీ టవర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరారు. పనిమంతులని పేరుంది. అయినా బయటి దేశం కొనుగోలుదారుతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఫోన్ మీ చేతికి రాదు. హైదరాబాద్ నుంచి ఇంకెవరో మాట్లాడతారు. ఆ ఫోన్ మీ చేతికి రావాలంటే ఏం చేయాలి?

ఉన్న దారుల్లో ఒకటి కేంబ్రిడ్జ్ వాళ్ల బిజినెస్ హయ్యర్ పరీక్ష. చాలాకాలం దీన్ని బెక్ హయ్యర్ అన్నారు, ఇప్పటికీ చాలామంది నోట ఆ పేరే ఉంది. యూరప్ కొలమానం ప్రకారం ఇది సీ1 స్థాయి. దీని కింద బీ2కు వాంటేజ్, బీ1కు ప్రిలిమినరీ ఉన్నాయి. హయ్యర్‌లో నాలుగు పేపర్లు: రీడింగ్ 60 నిమిషాలు, రైటింగ్ 70, లిజనింగ్ సుమారు 40, స్పీకింగ్ 16. వాళ్ల స్కేలు మీద 180 వస్తే సీ1 పాసు. 200కు చేరితే ‘ఏ’ గ్రేడు. 160 నుంచి 179 మధ్య ఆగిపోయినా బీ2 స్థాయి సర్టిఫికెట్ చేతికి వస్తుంది. ఆ కాగితం మీద గడువు తేదీ ఉండదు.

ఫీజు కట్టకముందే ఒక మాట. మీకు కావాల్సింది వీసానో, ఫలానా యూనివర్సిటీలో సీటో అయితే, ఏ పరీక్ష ఒప్పుకుంటారో ముందు వాళ్లనే అడగండి. ఐఈఎల్‌టీఎస్ కావాలన్నచోట ఇది చెల్లకపోవచ్చు. రెండూ ఒకటే అనుకుని నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఉద్యోగంలో ఒక మెట్టు ఎక్కాలన్నా, వ్యాపారం ఉత్తరాలు సొంతంగా నడుపుకోవాలన్నా మాత్రం ఈ పరీక్షకు చేసే తయారీ ఒక్క గంట కూడా వృథా పోదు.

ఎందుకంటే ఇందులో అడిగేవన్నీ మన చుట్టూ రోజూ జరిగేవే. ధర ఎందుకు పెరిగింది? సరుకు ఎందుకు ఆలస్యమైంది? ఇంకో బ్రాంచి పెట్టాలా, వద్దా? జమ్మికుంట పత్తి మార్కెట్‌లో కాంటా దగ్గర ఒక సీజన్ నిలబడ్డ మనిషికి ఈ ప్రశ్నలు కొత్త కాదు. వ్యాపారం మీకు తెలుగులో వచ్చు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకోవడానికి మూడు నెలల పాటు రోజుకు గంటన్నర పెట్టగలరా? అయితే మొదలుపెడదాం.

1. గ్రామర్ పుస్తకం మూయండి, మోడల్ పేపర్ తీయండి

దాదాపు అందరూ చేసే తప్పు ఇది. పరీక్ష రాయాలనుకున్న మర్నాడే లావుపాటి గ్రామర్ పుస్తకం కొంటారు. నౌన్ అంటే ఏమిటి దగ్గర మొదలవుతుంది. మూడో నెలకు పాసివ్ వాయిస్ దాకా వస్తారు. ఈలోపు పరీక్ష తేదీ వచ్చేస్తుంది.

కేంబ్రిడ్జ్ వెబ్‌సైట్‌లో మోడల్ పేపర్లు ఉచితంగా దొరుకుతాయి. ఒకటి ప్రింట్ తీసుకోండి. ఆదివారం పొద్దున్నే ఫోన్ పక్క గదిలో పెట్టి, గడియారం ఎదురుగా ఉంచుకుని రీడింగ్ పేపర్ సరిగ్గా అరవై నిమిషాల్లో రాయండి. మధ్యలో డిక్షనరీ చూడొద్దు. ఆరు భాగాలు, 52 ప్రశ్నలు. ఏ భాగంలో ఎన్ని పోయాయో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఈ మూడు నెలలకూ మీ సిలబస్ ఆ కాగితమే.

సగం కూడా రాలేదా? అయితే ఈసారి వాంటేజ్ రాయండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. పరీక్ష తీరు రెండింటికీ దగ్గరగానే ఉంటుంది, వాంటేజ్ కోసం నేర్చుకున్నదంతా హయ్యర్‌కూ పనికొస్తుంది.

2. మాటను ఒంటరిగా ఇంటికి తెచ్చుకోవద్దు

ఈ అధ్యాయంలో ఒక్క సూచనే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది గుర్తుపెట్టుకోండి.

తెలుగులో బేరం కుదురుతుంది. అప్పు పుడుతుంది. లెక్క తేలుతుంది. బాకీ తీరుతుంది. బోణీ అవుతుంది. ఎవరైనా వచ్చి ‘బేరం పుట్టింది’, ‘బోణీ తీరింది’ అంటే వ్యాకరణం ప్రకారం తప్పు పట్టలేం, అర్థమూ తెలుస్తుంది. కానీ ఈ మనిషిది ఈ బజారు కాదని ఒక్క క్షణంలో పట్టేస్తాం. అవునా, కాదా?

ఇంగ్లీష్ మాటలకూ అట్లాంటి జతలే ఉన్నాయి. డెడ్‌లైన్‌తో నడిచేది ‘మీట్’. ఆర్డర్‌తో ‘ప్లేస్’. ఇన్‌వాయిస్‌తో ‘ఇష్యూ’. అగ్రిమెంట్‌తో ‘రీచ్’. లాసెస్‌తో ‘ఇన్‌కర్’. మనం ఫిర్యాదు ‘ఇస్తాం’ కాబట్టి చెయ్యి దానంతట అదే ‘గివ్ ఎ కంప్లైంట్’ అని రాసేస్తుంది. వాళ్లకది ‘మేక్ ఎ కంప్లైంట్’. మనం పరీక్ష ‘రాస్తాం’, అందుకే ‘రైట్ ద ఎగ్జామ్’ అంటాం. వాళ్లు ‘టేక్’ అంటారు.

రీడింగ్ నాలుగో భాగం చాలావరకు ఈ జతల మీదే నడుస్తుంది. పది ఖాళీలు, ఒక్కోదానికి నాలుగేసి మాటలు. నాలుగింటి అర్థమూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటుంది. అర్థం ఒక్కటే చూసి ఎంచుకునేవాళ్లు అక్కడే తిరుగుతుంటారు. ఖాళీకి అటూ ఇటూ ఏ మాటలున్నాయో చూసేవాళ్లు ముందుకు వెళ్తారు.

మరి జతలు ఎక్కడ దొరుకుతాయి? ‘వెయ్యి ఇంగ్లీష్ మాటలు’ లాంటి పుస్తకంలో మాత్రం కాదు. అక్షరక్రమంలో బట్టీ పట్టిన మాటకు పక్కన ఎవరూ ఉండరు. బిజినెస్‌లైన్, మింట్, బిజినెస్ స్టాండర్డ్, వీటిలో ఏదో ఒకటి తీసుకుని రోజుకు ఒక్క వార్త చదవండి. అదీ తెలుగు పత్రికలో ముందే చదివిన వార్త అయితే మంచిది: సింగరేణి బొగ్గు ఉత్పత్తి, రామగుండం ఎరువుల కర్మాగారం, సిరిసిల్ల మరమగ్గాలకు వచ్చిన ఆర్డర్లు. సంగతి ముందే తెలుసు కాబట్టి కళ్లు మాటల మీద నిలుస్తాయి. ‘లక్ష్యం దాటింది’ అని తెలుగులో చదివారు. ఇంగ్లీష్ పత్రికలో ‘ఎక్సీడెడ్ ఇట్స్ టార్గెట్’ అన్నారా, ‘సర్‌పాస్డ్’ అన్నారా? రాసుకోండి.

రోజుకు ఐదు జతలు చాలు. ఒక్కో జత కింద మీ ఆఫీసు గురించో, మీ దుకాణం గురించో ఒక సొంత వాక్యం రాయాలి. ఆ వాక్యం రాయడానికి బద్ధకించారా, ఆ జత మీది కాలేదు. వారం తిరిగేసరికి మళ్లీ కొత్తగా కనిపిస్తుంది.

3. నోట అదనంగా పడే మాటలు

రీడింగ్ ఆరో భాగం మన కోసమే పెట్టారా అనిపిస్తుంది. పన్నెండు వరుసల్లో ఒక చిన్న వ్యాసం ఇస్తారు. చాలా వరుసల్లో ఒక్కో మాట అనవసరంగా ఉంటుంది, కొన్ని వరుసలు సరిగ్గానే ఉంటాయి. అనవసరమైన మాటను పట్టుకోవాలి. కష్టం ఎక్కడంటే, ఆ మాటలు మనకు చుట్టాల లాంటివి. ‘గురించి చర్చించాం’ అంటాం కాబట్టి ‘డిస్కస్ అబౌట్’ చెవికి ఇంపుగానే ఉంటుంది. ‘తిరిగి ఇచ్చాం’ అంటాం కాబట్టి ‘రిటర్న్ బ్యాక్’లో తప్పు కనిపించదు. అబౌట్ వద్దు, బ్యాక్ వద్దు. ‘కోప్ అప్ విత్’లో అప్ వద్దు. ‘ఎంఫసైజ్ ఆన్’లో ఆన్ వద్దు. మీ పాత మెయిళ్లు ఒక ఇరవై తీసి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోండి. ఈ భాగానికి అంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు.

ఇంకొన్ని మాటలు ఇక్కడ ఒక అర్థం, అక్కడ ఇంకో అర్థం ఇస్తాయి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకు ఒక ప్రశ్న ఉందని. లండన్‌లో వినేవాళ్లకు మీరు వాళ్ల మాట నమ్మడం లేదేమో అనిపిస్తుంది. ‘2019లో పాసౌట్ అయ్యాను’ అంటే మనకు డిగ్రీ పూర్తయినట్టు, వాళ్లకు స్పృహ తప్పినట్టు. ‘ప్రీపోన్’ బదులు ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనండి. ‘డూ ద నీడ్‌ఫుల్’ అని వదిలేయకుండా, అవతలివాళ్లు ఏ పని చేయాలో ఆ పని పేరే చెప్పండి. మన ఆఫీసుల్లో ఈ మాటలు తరతరాలుగా పని చేశాయి, వాటిని తక్కువ చేయడం నాకిష్టం లేదు. మనది కాని ఊళ్లో కూర్చుని చదివే మనిషికి మాత్రం అవి అందవు.

ఐదో భాగం దీనికి తలకిందులు. అక్కడ పది ఖాళీల్లో లేని మాట పెట్టాలి, ఆప్షన్లు ఇవ్వరు. పోయేవి ఎక్కువగా ‘ఎ’, ‘ద’, ‘ఆఫ్’, ‘విచ్’ లాంటి పొట్టి మాటలే. తెలుగులో ‘ద’ లేదు, విభక్తులు మాట చివర అతుక్కుని ఉంటాయి. అందుకని అవి లేకపోయినా మన కంటికి వెలితిగా అనిపించదు. పత్రికలోని ఒక పేరాను పొట్టి మాటలు వదిలేసి నోటుబుక్కులో ఎక్కించుకోండి. మర్నాడు ఖాళీలు నింపి అసలుతో సరిచూసుకోండి.

4. మిలియన్‌ను మిలియన్‌గానే వినండి

పది లక్షలు ఒక మిలియన్. కోటి అంటే పది మిలియన్లు. వంద కోట్లు ఒక బిలియన్. ఇది తెలియనివాళ్లు లేరు. కానీ లిజనింగ్‌లో ‘టూ పాయింట్ ఫైవ్ మిలియన్’ వినబడగానే మనసు ఇరవై ఐదు లక్షలు అని లెక్కకు కూర్చుంటుంది, ఆ లెక్క తేలేలోపు తర్వాతి ఖాళీ దాటిపోతుంది. మొదటి భాగంలోనే పన్నెండు ఖాళీలున్నాయి. రికార్డింగ్ రెండుసార్లు వినిపిస్తారు నిజమే, కానీ రెండోసారి సరిచూసుకోవడానికి ఉంచుకోవాలి. ఒక నెల పాటు మీ జీతం, మీ ఊళ్లో ప్లాటు ధర, రాష్ట్ర బడ్జెట్, అన్నీ మిలియన్లలోనే అనుకోండి. బస్సులో వెళ్తూ బీబీసీ వ్యాపార వార్తలు పది నిమిషాలు వినండి. కింద అక్షరాలు పడే వీడియోలు వద్దు. కళ్లు చదువుతుంటే చెవులు పని మానేస్తాయి.

5. ఆదిలాబాద్ పత్తితో ఒక రిపోర్టు

రైటింగ్ మొదటి భాగంలో గ్రాఫో, పట్టికో ఇచ్చి 120 నుంచి 140 మాటల్లో చిన్న రిపోర్టు రాయమంటారు. దీనికోసం ఎక్కడో ఉన్న కార్ల కంపెనీ అంకెలు వెతకొద్దు. మనింటి అంకెలున్నాయి. పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర, క్వింటాలుకు, ఐదేళ్లది చూడండి. 2021-22లో 6,025 రూపాయలు. 2022-23లో 6,380. 2023-24లో 7,020. 2024-25లో 7,521. 2025-26లో 8,110.

చాలామంది దీన్ని ఎట్లా రాస్తారు? సరిగ్గా నేను పైన రాసినట్టే. ఈ ఏడు ఇంత, ఆ ఏడు అంత. చదివే మనిషి ముందు పట్టిక ఉండనే ఉంది. ఆయనకు అంకెలు మళ్లీ వినిపించడం దేనికి?

ఇప్పుడు మార్కెట్ యార్డు నుంచి ఇంటికొచ్చిన పెద్దాయనను అడగండి: “బాపూ, మద్దతు ధర ఎట్లుంది?” ఆయన ఏమంటాడు? “ఐదేండ్ల సంది పెరుగుతనే ఉన్నది బిడ్డా. ముందుగాల మూడున్నర వందలే పెంచిన్రు. ఆ తర్వాతేడు ఒక్కసారే ఆరువందల నలభై ఎక్కింది. మొత్తం మీద రెండు వేలు దాటింది.” చూశారా, ఆయన ఐదు అంకెలు అప్పజెప్పలేదు. ధర ఎటు పోతున్నదో చెప్పాడు. చిన్న పెరుగుదల ఎక్కడ, పెద్ద పెరుగుదల ఎక్కడ చెప్పాడు. చివర మొత్తం చెప్పాడు. పరీక్షకుడు అడిగే రిపోర్టు అదే.

ఇక దానికి ఇంగ్లీష్ జతలు తొడగండి. పెరుగుతూనే ఉంది: ‘రోజ్ స్టెడిలీ’. అన్నిటికంటే పెద్దది: ‘ద షార్పెస్ట్ ఇంక్రీజ్’. అన్నిటికంటే చిన్నది: ‘ద స్మాలెస్ట్ ఇంక్రీజ్’. మొత్తం మీద: ‘ఓవరాల్’. ఏటేటా తేడాలు వరుసగా 355, 640, 501, 589. అన్నీ కలిపితే 2,085, అంటే దాదాపు 35 శాతం. శాతం లెక్క మీరే కట్టి రాస్తే, అంకెలను చూసి ఊరుకోలేదని, అర్థం చేసుకున్నారని తెలుస్తుంది.

ఇక్కడ రెండు గుంటలున్నాయి, జాగ్రత్త. ‘రోజ్ బై 640’ అంటే ఎంత పెరిగిందో. ‘రోజ్ టు 7,020’ అంటే ఎక్కడికి చేరిందో. బై, టు తారుమారైతే మొత్తం అర్థమే మారిపోతుంది. రెండోది ‘రైజ్’, ‘రెయిజ్’. ఇది మనకు సులువుగా పట్టుబడాలి, ఎందుకంటే తెలుగులో ఆ తేడా ఉంది: ధర పెరిగింది, ప్రభుత్వం పెంచింది. పెరిగితే రైజ్, పెంచితే రెయిజ్.

పట్టికలో లేని కారణాలు ఊహించి రాయొద్దు. వానలు పడలేదు, గులాబీ పురుగు తగిలింది అని మీకు తెలిసినా, ప్రశ్నలో లేదంటే మీ రిపోర్టులో దానికి చోటు లేదు. డెబ్బై నిమిషాల్లో దీనికి ఇరవై ఐదుకు మించి ఇవ్వొద్దు.

6. మర్యాద వాక్యంలో ఎక్కడ కూర్చుంటుంది?

మిగిలిన నలభై ఐదు నిమిషాలు రెండో భాగానివి. రిపోర్టు, ప్రపోజల్, ఉత్తరం, ఈ మూడింటిలో ఒకటి ఎంచుకుని 200 నుంచి 250 మాటలు రాయాలి. ప్రశ్న కింద కొన్ని అంశాలిస్తారు. అన్నీ తగలాలి. ఎంత చక్కటి ఇంగ్లీష్ రాసినా, ఒక అంశం వదిలేస్తే మార్కులు తెగుతాయి.

ఒక సందర్భం అనుకోండి. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ బ్లాకులు చైనాకు వెళ్లాయి. కొనుగోలుదారు మెయిల్ పెట్టాడు: మూడు బ్లాకుల్లో పగుళ్లున్నాయి, ఏం చేస్తారు? మనవాళ్లు రాసే జవాబు ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలవుతుంది. తర్వాత ‘విత్ రిఫరెన్స్ టు ద అబోవ్ సబ్జెక్ట్’. తర్వాత నాలుగు వాక్యాల క్షమాపణ. అసలు సంగతి చివరి రెండు వరుసల్లో ఇరుక్కుంటుంది. అవతలి మనిషి వెతికేది నాలుగే: మెయిల్ అందిందా, పగుళ్లు ఎట్లా వచ్చాయి, ఏ తేదీలోపు ఏం చేస్తారు, ఇంకోసారి రాకుండా ఏం జాగ్రత్త తీసుకుంటారు. క్షమాపణ ఒక్కసారి, నిండుగా చెప్తే సరిపోతుంది.

అట్లా అని మర్యాద తగ్గకూడదు. తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది: పంపండి, చెప్పండి, చూడగలరు. ఇంగ్లీష్ క్రియకు ఆ తోక లేదు. అక్కడ మర్యాద వాక్యం ముందుకు వస్తుంది: ‘వుడ్ యూ’, ‘కుడ్ వీ’, ‘వీ వుడ్ లైక్’. మనం ‘సెండ్ ద ఫోటోస్’ అని రాసేటప్పుడు మనసులో ‘పంపండి’ అనే ఉంటుంది, కానీ చదివేవాళ్లకు ‘పంపు’ అని వినబడుతుంది. ‘ప్లీజ్’, ‘కైండ్లీ’ రెండూ కలిపి చల్లినా ఆ లోటు తీరదు. ‘కుడ్ యూ సెండ్’ అంటే తీరుతుంది.

ప్రపోజల్‌లో ఇంకో పొరపాటు చూస్తుంటాను. పత్తి కొనుగోళ్ల మీదే ఒకటి రాసి చూడండి. భారత పత్తి సంస్థ 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన ధర కోస్తుంది, 12 శాతం దాటితే కొనదు. తెల్లవారుజామున మంచులో ఏరిన పత్తి తెచ్చిన రైతు యార్డులో నిలబడి ఏం నష్టపోతాడో మీకు చెప్పక్కర్లేదు. ఊళ్లో పత్తి ఆరబెట్టుకునే గచ్చు కావాలని సంఘానికి ప్రపోజల్ రాయాలి. మన మనసు బాధ దగ్గరే ఆగిపోతుంది. 150 మాటలు కష్టం చెప్పడానికే అయిపోతాయి. గచ్చు ఎంత పెద్దది, ఖర్చెంత, ఎవరు చూసుకోవాలి, మొదటి సీజన్‌లోనే ఏం లాభం, వీటికి చోటు మిగలదు. కష్టం యాభై మాటల్లో చెప్పండి. మిగతాదంతా రేపు చేయాల్సిన పని.

7. నిమిషం మాట, పక్క కుర్చీ

స్పీకింగ్‌లో ఎదురుగా ఇద్దరు పరీక్షకులు, పక్కన మీలాంటి అభ్యర్థి ఇంకొకరు ఉంటారు. మొదట కొద్దిసేపు మీ గురించి, మీ పని గురించి అడుగుతారు. ‘మైసెల్ఫ్’ అని మొదలుపెట్టొద్దు, ‘ఐ యామ్’ చాలు. తర్వాత మూడు విషయాలిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి ఒక నిమిషం.

‘పాత సరుకుకు కొత్త కస్టమర్లను తెచ్చుకోవడం’ అనే విషయం వచ్చిందనుకోండి. బట్టీ పట్టిన వ్యాసం ఇక్కడ నిలవదు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీని గుర్తుతెచ్చుకోండి. సన్నటి తీగతో అల్లిన పని, ఎప్పటిదో. ఇప్పటి కస్టమర్ పెద్ద పళ్లెం కొనకపోవచ్చు. పెన్ను స్టాండో, కానుకగా ఇచ్చే చిన్న డబ్బానో అయితే కొంటాడు. లేదా నిర్మల్ బొమ్మ తీసుకోండి, పొనికి కర్రతో చేసేది, తేలిక కాబట్టి పార్సిల్ ఖర్చు తక్కువ. ముందు మీ అభిప్రాయం ఒక వాక్యం, తర్వాత రెండు కారణాలు, ఒక ఉదాహరణ. నిమిషం నిండిపోతుంది. మీ ఊరి సంగతి కాబట్టి మాట కోసం తడుముకోవాల్సిన పని ఉండదు.

యాస గురించి భయపడుతున్నారా? పరీక్షకులు చూసేది స్పష్టత. రెండు చిన్న సంగతులు సరిచేసుకోండి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకే బిల్లు, బ్యాంకు, బస్సు అంటాం. తెలుగులో అదే అందం. ఇంగ్లీషులో ‘బిల్’ దగ్గర నాలుక ఆగాలి. రెండోది ‘వ’. పడమరకూ, బనియనుకూ తెలుగు లిపిలో మనం ఒకే విధంగా ‘వెస్ట్’ అని రాస్తాం. పడమరకు పెదవులు గుండ్రంగా చుట్టాలి, బనియనుకు కింది పెదవి పై పళ్లకు తగలాలి. అద్దం ముందు వారం రోజులు చాలు.

మూడో భాగంలో ఇద్దరూ కలిసి ఒక సమస్య మాట్లాడుకుని ఒక నిర్ణయానికి రావాలి. ఇక్కడ మన పెంపకం కొంచెం అడ్డొస్తుంది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నోరు తెరవొద్దని నేర్చుకున్నాం. పక్కన నలభై ఐదేళ్ల మేనేజర్ కూర్చుంటే, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఆయన ముగించేదాకా తల ఊపుతూ ఉంటుంది. ఆయనేమో తను ఆపితే బాగుండదని మాట్లాడుతూనే ఉంటాడు. ఇద్దరికీ మార్కులు పోతాయి. పక్కవాళ్లు మీకు పోటీ కారు, వాళ్లు మాట్లాడితే మీ మార్కులు తగ్గవు. ‘వాట్ డు యూ థింక్?’ అని మాట అందించండి. ‘ఐ సీ యువర్ పాయింట్, బట్’ అని మర్యాదగా అందుకోండి. ఇదే పరీక్షకు చదువుతున్న స్నేహితుడు లేకపోతే, గోదావరిఖనిలో షిఫ్టు దిగి వచ్చిన అన్నయ్యతోనైనా రోజూ పది నిమిషాలు ఫోన్‌లో ఇంగ్లీషులో ఏదో ఒకటి తేల్చుకోండి: బండి ఏది కొందాం, పెళ్లికి ఏ హాలు మాట్లాడదాం.

“నలభై దాటింది, ఇప్పుడు కొత్త భాష నోటికి తిరుగుతుందా సార్?” అని అడిగేవాళ్లుంటారు. వంగరలో పెరిగిన పీవీ నరసింహారావు ఎన్ని భాషలు మాట్లాడేవారో, అరవై దాటాక కంప్యూటర్ ఎట్లా పట్టుకున్నారో వాళ్లకు చెప్తాను. అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఆదిలాబాద్ బజారులో ఒక దుకాణదారు ఒకే పూటలో తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండి మార్చుకుంటూ బేరం చేస్తాడు. ఆ నేర్పు మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లకు పుట్టుకతో ఉంది. ఇంగ్లీష్ వాటి పక్కన చేరే ఇంకో భాష.

8. గంటన్నర ఎక్కడ దొరుకుతుంది?

మొదటి నెల రీడింగ్, జతల నోటుబుక్కు. రెండో నెల రోజు విడిచి రోజు ఒక రైటింగ్, గడియారం పెట్టుకునే. మూడో నెల ప్రతి ఆదివారం మొత్తం పేపర్. షిఫ్టు పని అయితే గంటన్నరను మూడు ముక్కలు చేసుకోండి, కానీ రాసే నలభై ఐదు నిమిషాలు మాత్రం తెంపొద్దు. రాసినదాన్ని మూడు రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత పైకి చదవండి. కళ్లకు కనబడని తప్పు చెవికి దొరుకుతుంది. మీ కాలేజీ ఇంగ్లీష్ లెక్చరర్‌ను నెలకు రెండు కాగితాలు దిద్దిపెట్టమని అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఫోన్‌లో యాప్‌తో రాయించుకుని మురిసిపోవద్దు, హాల్లో అది మీతో ఉండదు.

పరీక్ష కేంద్రం, తేదీలు, ప్రస్తుత పేపర్ తీరు కేంబ్రిడ్జ్ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. స్పీకింగ్ వేరే రోజు పడవచ్చు, సెలవు అడిగే ముందు అది తేల్చుకోండి. హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే కరీంనగర్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. తెల్లవారి బస్సు నమ్ముకోవద్దు, ముందురోజు సాయంత్రానికే చేరండి.

ఆ రాత్రి కొత్తది ఏదీ తెరవొద్దు. జతల నోటుబుక్కు ఒకసారి తిరగేయండి, ఇంటికి ఫోన్ చేయండి, అన్నం తిని పడుకోండి. పొద్దున హాలు బయట మీలాగే కంగారుగా నిలబడ్డ మనిషి కనిపిస్తే, మీరే ముందు వెళ్లి ఇంగ్లీషులో పలకరించండి. స్పీకింగ్‌లో మీ పక్క కుర్చీ ఆ మనిషిదే కావచ్చు.